ఇంగ్లండ్ కెథీడ్రల్ క్వయర్, ఆర్గాన్ రికార్డింగులు: ఏవి వినాలి, ఎలా వినాలి?

గోదారిగాలి

అందరికీ నమస్కారం. నేను ఎక్కువగా వినేది కర్ణాటక సంగీతం. ఈ మధ్య ఒక మిత్రుడు ఇటలీ సంగీతకర్త అల్లెగ్రి రాసిన "మిసెరెరె" పంపించాడు. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ క్వయర్ (చర్చి గాయక బృందం) పాడిన పాత రికార్డింగ్. అందులో ఒక పిల్లవాడు ఉన్నట్టుండి తారస్థాయిలోకి వెళ్ళి ఒక స్వరం మీద నిలబడతాడు. గమకం లేదు, వణుకు లేదు, శ్రుతి మాత్రం రవ్వంత కూడా కదలదు. అప్పటినుంచి ఈ సంగీతం మీద పడ్డాను.

వెతికితే వందల రికార్డింగులు వచ్చాయి. కింగ్స్, సెయింట్ జాన్స్, సెయింట్ పాల్స్, వెస్ట్‌మిన్‌స్టర్, యార్క్... అదే పాట ఒక్కో చోట ఒక్కోలా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా? ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చాలా రికార్డింగుల్లో మాటలు తెలియడం లేదు, అంతా హోరుగా వినిపిస్తోంది. అది నా స్పీకర్ల లోపమా, లేక ఈ సంగీతం తీరే అంతా?

పైపుఆర్గాన్

గోదారిగాలి గారూ, స్వాగతం. మీరు విన్నది 1963 మార్చిలో రికార్డ్ చేసింది, ఆర్గో లేబుల్ వాళ్ళది. క్వయర్ నడిపింది డేవిడ్ విల్‌కాక్స్. ఆ పిల్లవాడు రాయ్ గుడ్‌మన్, అప్పటికి పన్నెండేళ్ళవాడు. రగ్బీ ఆడి నేరుగా రికార్డింగ్‌కి వచ్చానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. పెద్దయ్యాక వయొలిన్ విద్వాంసుడిగా, కండక్టర్‌గా పేరు తెచ్చుకున్నాడు. రోమ్‌లో పోప్ చాపెల్ కోసం లాటిన్‌లో రాసిన పాటను వాళ్ళు ఇంగ్లిష్‌లో పాడారు. మిమ్మల్ని పట్టేసిన ఆ పై స్వరం కూడా అల్లెగ్రి రాసింది కాదు. ఆ తర్వాతి శతాబ్దాల్లో ప్రతులు తీసేటప్పుడు జరిగిన పొరపాటుతో వచ్చి చేరింది. ఇప్పుడది లేకుండా పాడితే జనం ఒప్పుకోరు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటే, నా సలహా కీర్తనలతో. బైబిల్లోని 150 కీర్తనలు ఉన్నాయి కదా, ఇంగ్లండ్ చర్చి ప్రార్థనా పుస్తకం వాటిని ముప్పై రోజులకు పంచింది, పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని. నెల తిరిగేసరికి మొత్తం అయిపోతాయి, మళ్ళీ మొదటి నుంచి. కెథీడ్రల్ (బిషప్ ఉండే పెద్ద చర్చి) క్వయర్ పిల్లలు బడి అయ్యాక సాధన చేసి, సాయంత్రం ఈవెన్‌సాంగ్ ప్రార్థనలో ఆ రోజు వంతు పాడతారు. వినడానికి వచ్చింది అయిదుగురైనా సరే, అయిదొందల మందైనా సరే. ప్రసిద్ధమైన పాటలను మంచి క్వయర్ ఏదైనా నాలుగు రోజులు సాధన చేసి అద్భుతంగా రికార్డ్ చేయగలదు. కీర్తనలు పాడే తీరు అలా నాలుగు రోజుల్లో రాదు. ఏళ్ళ తరబడి ఒకే గుక్క, ఒకే ఉచ్చారణ అలవాటైతేనే వస్తుంది. క్వయర్ అసలు సత్తా తెలిసేది అక్కడే.

సెయింట్ పాల్స్ కెథీడ్రల్ క్వయర్ జాన్ స్కాట్ ఆధ్వర్యంలో మొత్తం 150 కీర్తనలనూ హైపీరియన్ లేబుల్‌కి 12 సీడీలుగా రికార్డ్ చేసింది. ముందు అక్కడికి వెళ్ళండి.

కీబోర్డు_టీచర్

పైపుఆర్గాన్ గారూ, మీరు చెప్పింది నిజమే కానీ కొత్తగా వింటున్నవాళ్ళను 12 సీడీల కీర్తనల ముందు కూర్చోబెడితే పారిపోతారండీ! నా దగ్గర కీబోర్డు నేర్చుకునే పిల్లలకు నేను మొదట వినిపించేది హెర్బర్ట్ హావెల్స్. ఈవెన్‌సాంగ్‌లో రోజూ పాడే రెండు గీతాలు ఉంటాయి, మరియ పాడినది ఒకటి (మాగ్నిఫికాట్), ముసలి సుమెయోను పాడినది ఒకటి (నున్క్ దిమిత్తిస్). రెండూ లూకా సువార్తలోవే. ఇంగ్లండ్‌లో కెథీడ్రల్ కోసం రాసిన దాదాపు ప్రతి సంగీతకర్తా ఈ జంటకు వరస కట్టాడు.

హావెల్స్ 1945లో కింగ్స్ కాలేజీ కోసం కట్టిన "కొలీజియం రెగాలె" వినండి. మరియ గీతం పిల్లల గొంతులతోనే మొదలవుతుంది, మగవాళ్ళు ఆ తర్వాతే వచ్చి చేరతారు. సుమెయోను గీతం ఒంటరి టెనర్‌తో (మగవాళ్ళలో పై స్థాయి గొంతు) మొదలవుతుంది. ఎవరి పాట వారి గొంతులో. రెండింటి చివరా వచ్చే "గ్లోరియా" దగ్గర ఆర్గాన్ ఒక్కసారిగా విచ్చుకుంటుంది. స్టీఫెన్ క్లియోబరీ నడిపిన కింగ్స్ రికార్డింగ్ నాకు చాలా ఇష్టం.

ఇంకో సంగతి. హావెల్స్ గ్లాస్టర్ కెథీడ్రల్ కోసం ఒకటి, సెయింట్ పాల్స్ కోసం ఒకటి విడివిడిగా రాశాడు. సెయింట్ పాల్స్ గుమ్మటం కింద ధ్వని ఎంతసేపు తిరుగుతుందో ఆయనకు తెలుసు. అందుకే అందులో వరసలు పొడుగ్గా ఉంటాయి, స్వరసంగతులు (ఒకేసారి మోగే స్వరాల కట్టలు) తాపీగా మారతాయి. కొలీజియం రెగాలె పక్కన పెట్టి వింటే తేడా వెంటనే పట్టుకుంటారు.

హెడ్‌ఫోన్స్_లోకం

> అది నా స్పీకర్ల లోపమా, లేక ఈ సంగీతం తీరే అంతా?

రెండూ అన్నా. సెయింట్ పాల్స్‌లో, లివర్‌పూల్ కెథీడ్రల్‌లో ఒక స్వరం ఆగాక దాని మోత పూర్తిగా అణగడానికి ఎనిమిది, తొమ్మిది సెకన్లు పడుతుంది. మన సినిమా పాటల్లో గాయకుడి నోటి దగ్గర మైకు పెట్టి, ఎకో తర్వాత కలుపుతారు. ఇక్కడ ఎకో భవనానిదే, తీసేయడానికి లేదు. మైకులను గాయకులకు దగ్గరగా వేలాడదీస్తే మాటలు బాగా వస్తాయి, కానీ భవనం మాయమవుతుంది, ఆర్గాన్ వెనక్కి పోతుంది. దూరం పెడితే భవనం వస్తుంది, మాటలు పోతాయి. ఆ దూరాన్ని ఎంత దగ్గర తేల్చాడన్నదే రికార్డింగ్ ఇంజినీర్ పనితనం. లండన్ లాంటి చోట ట్రాఫిక్ హోరు కూడా ఉంటుంది, అందుకే రాత్రి పొద్దుపోయాక రికార్డ్ చేయడం మామూలు.

ఇక మీ వైపు చేయాల్సింది. ఫోన్ స్పీకర్‌లో వినకండి. పెద్ద ఆర్గాన్లలో పెడల్‌కి (కాళ్ళతో వాయించే మెట్లకి) 32 అడుగుల పైపులు ఉంటాయి, వాటి అట్టడుగు స్వరం సుమారు 16 హెర్ట్జ్. అది చెవికన్నా ఒంటికే ఎక్కువ తెలుస్తుంది. ఫోన్ స్పీకర్‌కి అంత లోతైన శబ్దాలు అందవు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. స్ట్రీమింగ్ యాప్‌లో క్వాలిటీ సెట్టింగ్ పైకి పెట్టండి, ఎందుకంటే ఫైల్‌ను బాగా కుదించినప్పుడు మొదట చెడిపోయేవి సన్నగా ఆరిపోయే ఆ ప్రతిధ్వని తోకలే. హోరుగా వినిపిస్తోందన్నారే, సగం కారణం అదే అయ్యుండచ్చు.

హెడ్‌ఫోన్స్‌తో ఇంకో లాభం. క్వయర్ రెండు జట్లుగా ఎదురెదురుగా నిలబడుతుంది. దక్షిణం వైపు జట్టును డెకానీ అంటారు, ఉత్తరం వైపు జట్టును కాంటోరిస్. కీర్తనలో వచనాలు ఒకటి ఇటు, ఒకటి అటు పాడతారు. ఒక చెవి నుంచి ఇంకో చెవికి పాట మారడం తెలుస్తుంది.

గోదారిగాలి

చాలా థాంక్సండీ అందరికీ. హెడ్‌ఫోన్స్‌తో కొలీజియం రెగాలె విన్నాను. మాటలు ముప్పాతిక వంతు తెలిశాయి. గ్లోరియా దగ్గర ఒళ్ళు గగుర్పొడిచింది.

ఒక సందేహం. కీర్తనల్లో ఒకే స్వరం మీద బోలెడన్ని మాటలు గబగబా చెప్పి, చివర్లో మాత్రం స్వరాలు మారుస్తున్నారు. మన వేదపఠనం గుర్తొచ్చింది. దీనికి తాళం ఏమైనా ఉంటుందా?

పైపుఆర్గాన్

తాళం ఉండదు. దాన్ని ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) చాంట్ అంటారు. వరస చాలా చిన్నది. సింగిల్ చాంట్ అయితే మొత్తం పదే స్వరసంగతులు, వచనం మొదటి సగానికి నాలుగు, రెండో సగానికి ఆరు. డబుల్ చాంట్ అయితే ఇరవై, రెండు వచనాలకు సరిపోతుంది. ప్రతి సగంలో మొదటి స్వరం మీద ఎన్ని మాటలైనా పట్టించవచ్చు, మిగతా స్వరాలకు చివరి మాటలను సర్దుతారు. ఏ అక్షరం దగ్గర స్వరం మారాలో గుర్తులు పెట్టిన పుస్తకం ఒక్కో కెథీడ్రల్‌కి ఒక్కోటి. పాడే మాటలు 1539 నాటి గ్రేట్ బైబిల్లోని కవర్డేల్ అనువాదం, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ కన్నా పాతది.

మాట మామూలుగా మాట్లాడినంత సహజంగా రావాలి, అదే సమయంలో ముప్పై మంది ఒక్క గొంతుగా రావాలి. వచనం మధ్యలో ఆగే చోటు చూడండి, అందరూ ఒకేసారి ఆగి, ఒకేసారి ఊపిరి తీసుకుని, ఒకేసారి ఎత్తుకుంటారు. విల్‌కాక్స్ కాలపు కింగ్స్ కీర్తనల రికార్డుల్లో, ఈఎమ్ఐ వాళ్ళవి, ఈ పొందిక కత్తిలా ఉంటుంది. మాట చివర "టి", "డి" అక్షరాలు కూడా అందరివీ ఒకే క్షణంలో పడతాయి.

ఆర్గాన్ వాయించేవాడి చెయ్యి కూడా గమనించండి. ప్రతి వచనానికీ అదే పది స్వరాలు కాబట్టి రంగులు మార్చే పని అతనిది. 104వ కీర్తనలో సింహాలు గర్జించే వచనం రాగానే కింద పెడల్‌లో ఒక ఉరుము. 78వ కీర్తనలో వడగళ్ళు పడే చోట పైన చిటపటలు. ఇవేవీ రాసి ఉండవు, అప్పటికప్పుడు కల్పించేవి. గిల్డ్‌ఫర్డ్ కెథీడ్రల్ 1961లో ప్రతిష్ఠ అయినప్పుడు బారీ రోజ్ అక్కడ క్వయర్‌ని మొదటినుంచీ కట్టాడు. ఆయన పాత గిల్డ్‌ఫర్డ్ రికార్డులు దొరికితే వదలకండి, కీర్తనలో ఒక్కో మాటకు అంత శ్రద్ధ పెట్టినవాళ్ళు తక్కువ.

డోర్నకల్_దారి

బ్రదర్స్, సిస్టర్స్, ఈ చర్చ చూసి చాలా సంతోషం వేసింది. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. తెలుగువాళ్ళకు ఈ సంప్రదాయంతో నేరుగా ఉన్న లంకె డోర్నకల్. అజరయ్య గారు 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథీడ్రల్ చూస్తే గుడి స్తంభాలూ, మసీదు తరహా గుమ్మటాలూ ఒకే చోట ఉంటాయి. చాలామంది మెదక్ చర్చిని కూడా ఆంగ్లికన్ అనుకుంటారు. అది మెథడిస్టు మిషన్ కట్టించింది. 1947లో ఈ చర్చిలన్నీ కలిసి సీఎస్ఐ అయ్యాక ఒక గూటికి వచ్చాయి.

అజరయ్య గారు కెథీడ్రల్ కట్టడంలోలాగే పాటలోనూ మన తీరునే నిలబెట్టారు. మా ఆరాధనలో పాడేవి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, పురుషోత్తమ చౌదరి గారు లాంటివాళ్ళు రాగతాళాలతో కట్టినవి. అందుకని ఇంగ్లండ్ కెథీడ్రల్ రికార్డింగులు వింటున్నప్పుడు నాకు అదొక చుట్టరికంలా ఉంటుంది. ప్రార్థన క్రమం మాకు తెలిసిందే. సుమెయోను గీతం చిన్నప్పటినుంచీ నోటికి వచ్చు, "నాథా, యిప్పుడు" అని మొదలవుతుంది. హావెల్స్‌లో ఆ టెనర్ ఎత్తుకోగానే ఆ మాటలు నా నోట్లో తెలుగులో కదులుతాయి. సంగీతం మాత్రం పూర్తిగా వేరే లోకం.

మంద్రస్థాయి

నేను హైదరాబాద్‌లో ఒక క్వయర్‌లో బేస్ (కింది స్థాయి మగ గొంతు) పాడతాను. ఇంతసేపూ అందరూ పిల్లల గొంతుల గురించే మాట్లాడారు, బేస్ వాళ్ళ తరఫున ఒక మాట.

స్టాన్‌ఫర్డ్ కట్టిన "ఇన్ జి" వినండి. మరియ గీతంలో ఒక్క పిల్లవాడు సోలో, కింద ఆర్గాన్ రాట్నం తిరుగుతున్నట్టు ఆగకుండా వాయిస్తుంది. సుమెయోను గీతానికి వచ్చేసరికి సోలో బేస్‌ది. అక్కడ గొంతు పెద్దగా చేసి పాడితే చెడిపోతుంది. చచ్చిపోవడానికి సిద్ధంగా ఉన్న ముసలాయన కదా పాడుతున్నది. స్టాన్‌ఫర్డ్ డబ్లిన్‌వాడు, 1879లోనే బి-ఫ్లాట్‌లో ఒక సర్వీస్ (ప్రార్థనలో పాడే గీతాల వరస) రాశాడు. ఇప్పటికీ ఇంగ్లండ్‌లో ఏదో ఒక చోట అది పాడని వారం ఉండదంటే అతిశయోక్తి కాదు.

ఇంకొకటి శామ్యూల్ సెబాస్టియన్ వెస్లీ రాసిన "బ్లెస్సెడ్ బీ ది గాడ్ అండ్ ఫాదర్". హెరిఫర్డ్ కెథీడ్రల్‌లో ఒక ఈస్టర్ ఆదివారానికి రాశాడు. ఆ రోజు పాడటానికి పిల్లలు, ఒకే ఒక్క బేస్ మాత్రమే ఉన్నారని చెప్తారు. ఆ బేస్ కూడా డీన్ (కెథీడ్రల్ పెద్ద పాదిరి) గారి ఇంట్లో పనిచేసే బట్లరట! చివరి భాగానికి ముందు ఆర్గాన్ ఒంటరిగా పెద్ద మోతతో ఒక కార్డ్ (స్వరసంగతి) వేస్తుంది. ఆ కార్డ్‌కి ముందు ఎంత నిశ్శబ్దం ఉంచారు, ఎంత బరువుతో వేశారు అన్నది ఒక్కో రికార్డింగ్‌లో ఒక్కోలా ఉంటుంది. నేను కొత్త రికార్డు దొరికితే ముందు అదే వింటాను.

న్యూయార్క్_చలి

జాన్ స్కాట్ పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఆయన 2004లో సెయింట్ పాల్స్ వదిలి న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూలోని సెయింట్ థామస్ చర్చికి వచ్చారు, 2015లో చనిపోయేవరకూ ఇక్కడే. ఆ చర్చికి సొంత క్వయర్ స్కూల్ ఉంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు ఇంగ్లండ్ దాకా వెళ్ళకుండానే ఆ తరహా ఈవెన్‌సాంగ్ వినచ్చు. టికెట్ ఏమీ ఉండదు, వెళ్ళి కూర్చోవడమే.

నా ప్రశ్న వేరే. కింగ్స్‌కీ సెయింట్ జాన్స్‌కీ నడక దూరం. రెండు క్వయర్ల గొంతు మాత్రం అసలు కలవదు. కింగ్స్ చల్లగా, నున్నగా ఉంటుంది. సెయింట్ జాన్స్ పిల్లల గొంతులో ఒక కారం ఉంటుంది. ఎందుకని?

పైపుఆర్గాన్

సగం భవనం, సగం మనిషి.

కింగ్స్ చాపెల్ రాతి పైకప్పు, విసనకర్ర ఆకారపు కమాన్లు, 1515కల్లా పూర్తయింది. గొంతు మెత్తగా పైకి లేచి చుట్టూ తిరుగుతుంది. గట్టిగా అరిస్తే అక్కడ మొద్దుగా అయిపోతుంది. బోరిస్ ఆర్డ్, ఆయన తర్వాత విల్‌కాక్స్ ఆ భవనానికి తగ్గట్టు గొంతులను తీర్చారు. ఏ ఒక్క గొంతూ విడిగా వినపడకూడదు. సెయింట్ జాన్స్ చాపెల్ అంతగా మోగదు. అక్కడ 1951 నుంచి 1991 వరకు క్వయర్ నడిపింది జార్జ్ గెస్ట్. లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ కెథీడ్రల్‌లో జార్జ్ మాల్కమ్ పిల్లలచేత పాడిస్తున్న పద్ధతి ఆయన్ని బాగా ఆకర్షించింది. ఛాతీ నుంచి వచ్చే గొంతు, యూరప్ తరహా. (ఇక్కడ చాలామంది తికమకపడతారు. వెస్ట్‌మిన్‌స్టర్ కెథీడ్రల్ రోమన్ కాథలిక్కులది. రాజుల పట్టాభిషేకాలు జరిగే వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ వేరు, అది ఆంగ్లికన్.) గెస్ట్ ఆర్గో లేబుల్‌కి చేసిన హైడన్ మాస్‌లు (కాథలిక్ ఆరాధన సంగీతం) వినండి, పిల్లలు పెద్దవాళ్ళలా ధైర్యంగా పాడతారు.

నాకు రెండిట్లో ఏది ఇష్టమంటే సెయింట్ జాన్స్ అంటాను. పిల్లవాడు పిల్లవాడిలా వినిపించాలి.

కీబోర్డు_టీచర్

నేను ఒప్పుకోను! కింగ్స్‌లో పిల్లలు పిల్లల్లా లేరని ఎవరన్నారు? డిసెంబర్ 24న అక్కడ జరిగే క్రిస్మస్ కార్యక్రమం "నైన్ లెసన్స్ అండ్ కారల్స్"లో "వన్స్ ఇన్ రాయల్ డేవిడ్స్ సిటీ" మొదటి చరణం వినండి. ఒక్క పిల్లవాడు, తోడుగా ఆర్గాన్ లేదు, క్వయర్ లేదు. ఎవరు పాడాలో చివరి నిమిషంలోనే వేలితో చూపిస్తారని అంటారు. ప్రపంచమంతా వింటుంటే అంత టెన్షన్‌లో కూడా ఆ గొంతు అలా నిలబడిందంటే దాని వెనక ఎంత సాధన ఉండాలి! 1918లో మొదలైన కార్యక్రమం అది, 1928 నుంచి బీబీసీ ప్రసారం చేస్తోంది, మధ్యలో 1930 ఒక్కటే తప్పిపోయింది. దాని మూలం ఇంకా పాతది, 1880 క్రిస్మస్ ముందు రాత్రి ఇంగ్లండ్‌లోని ట్రూరోలో మొదలైన ఆరాధన.

న్యూయార్క్_చలి

ఇద్దరి మాటా నచ్చింది. ఇక ఆడపిల్లల క్వయర్ల సంగతి? ఇక్కడ కొందరు పెద్దవాళ్ళు మగపిల్లల గొంతే అసలుదని పట్టుబడతారు.

పైపుఆర్గాన్

ఇంగ్లండ్ కెథీడ్రల్స్‌లో ఆడపిల్లలకు విడిగా క్వయర్ పెట్టి దారి చూపింది సాల్స్‌బరీ, 1991లో. అప్పుడు గొడవ చాలా జరిగింది. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మిగతావీ ఆ దారిలో వచ్చాయి. 2022లో సెయింట్ జాన్స్ కూడా ఆడపిల్లలను, మహిళలను చేర్చుకుంది. 2023లో చార్లెస్ రాజు పట్టాభిషేకంలో ట్రూరో కెథీడ్రల్ ఆడపిల్లలు పాడారు.

వినడానికి తేడా ఉందా అంటే, నా చెవికి కొంచెం ఉంది. పదకొండు, పన్నెండేళ్ళ మగపిల్లవాడి గొంతు మారబోయే ముందు ఒక ఏడాదిపాటు వచ్చే మెరుపు వేరు. కానీ ఒకే మాస్టారి దగ్గర ఒకే భవనంలో పెరిగిన రెండు జట్లను కళ్ళు మూసుకుని వింటే నేను ప్రతిసారీ చెప్పగలనని బల్లగుద్ది చెప్పలేను. గొంతును తయారుచేసేది మాస్టారు, భవనం.

మంద్రస్థాయి

మెరుపు అంటే గుర్తొచ్చింది, ఈ చర్చలో 1927 రికార్డు పేరు రాకపోతే అన్యాయం. లండన్ టెంపుల్ చర్చి, మెండెల్‌సన్ రాసిన "హియర్ మై ప్రేయర్", పాడింది ఎర్నెస్ట్ లఫ్, ఆర్గాన్ వాయించింది జార్జ్ థాల్బెన్-బాల్. హెచ్ఎమ్‌వీ వాళ్ళు రికార్డింగ్ సామాను మొత్తం వ్యాన్‌లో తెచ్చి చర్చిలోనే తీశారు. విద్యుత్ మైకుతో రికార్డ్ చేయడం అప్పటికి వచ్చి రెండేళ్ళే. ఎన్ని ప్రతులు అచ్చువేశారంటే అసలు అచ్చు అరిగిపోయి 1928లో మళ్ళీ పాడించాల్సి వచ్చింది. పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

లఫ్‌కి అప్పుడు పదిహేనేళ్ళు. ఈ రోజుల్లో ఆ వయసుకి చాలామంది మగపిల్లల గొంతు మారిపోతుంది, అందుకే అంత పండిన ట్రెబుల్ (పిల్లల పై స్థాయి) గొంతు ఇప్పుడు అరుదు. ఇంకా బాధ కలిగించేది ఆర్గాన్. 1680లలో ఇద్దరు ఆర్గాన్ తయారీదారులు పోటీపడి అదే చర్చిలో చెరొకటి నిలబెట్టారు, ఫాదర్ స్మిత్ అనే ఆయనది గెలిచింది. మధ్యలో ఎన్నో మరమ్మతులు, మార్పులు చూసిన ఆ వాద్యం 1941 మే నెలలో బాంబుదాడిలో కాలిపోయింది. ఆ రికార్డులో లఫ్ వెనక వినిపించేది అదే. ఇప్పుడున్నది స్కాట్లండ్‌లో ఒక కోట డాన్స్ హాలు కోసం హారిసన్ కంపెనీ చేసిన ఆర్గాన్, యుద్ధం అయ్యాక తెచ్చి పెట్టారు.

హెడ్‌ఫోన్స్_లోకం

ఆ 1927 రికార్డు నేనూ విన్నాను అన్నా. చరచరమనే శబ్దం కొంచెం ఉంటుంది, మొదటి నిమిషం తర్వాత చెవి దాన్ని పట్టించుకోదు. గీతలు తీసేసి శుభ్రం చేసిన కొన్ని ప్రతుల్లో శబ్దంతోపాటు గాలి కూడా పోయింది, గొంతు డబ్బాలో ఉన్నట్టుంది. కాస్త చరచర ఉంచిన ప్రతే తీసుకోండి.

గోదారిగాలి

ఈ నాలుగైదు రోజులు మీరు చెప్పినవే విన్నాను. సెయింట్ పాల్స్ వాళ్ళ 78వ కీర్తన ఒకే బైఠక్‌లో పూర్తి చేశాను. మొదటి పది వచనాలకు విసుగు వచ్చింది, నిజమే. ఆ తర్వాత వరస చెవికి అలవాటైపోయి మాటలే మిగిలాయి. సముద్రం చీలడం, మన్నా కురవడం, కప్పలు, వడగళ్ళు, ఒక్కోదానికి ఆర్గాన్ రంగు మారడం పట్టుకోగలిగాను. వచనం మధ్యలో ఆగినప్పుడు గుమ్మటంలో మోత కొంచెం తగ్గేదాకా చూసి మళ్ళీ ఎత్తుకుంటున్నారు. పైపుఆర్గాన్ గారు కీర్తనలతో మొదలుపెట్టమన్నది ఎందుకో అర్థమైంది. మిసెరెరె మళ్ళీ వింటే ఆ పై స్వరం కన్నా మధ్యలో మగవాళ్ళు ఒకే స్వరం మీద పలికే వచనాలే ఎక్కువ నచ్చాయి.

ఇప్పుడు ఒట్టి ఆర్గాన్ వినాలనుంది. ఏది? మన దగ్గర అలాంటి ఆర్గాన్ ఎక్కడైనా ఉందా?

డోర్నకల్_దారి

పైప్ ఆర్గాన్ దగ్గర నిలబడి వినాలంటే మనకు దగ్గర చెన్నై బ్రదర్. ఎగ్మూరులో సెయింట్ ఆండ్రూస్ కర్క్‌లో ఉంది. అది స్కాటిష్ చర్చి కట్టించింది, ఆంగ్లికన్ కాదు, ఇప్పుడు సీఎస్ఐలోనే ఉంది. ఇంగ్లండ్ కెథీడ్రల్ ఆర్గాన్లంత పెద్దది కాదు కానీ పైపులోంచి గాలి పలకడం ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది.

పైపుఆర్గాన్

1960లలో ఈఎమ్ఐ వాళ్ళు కెథీడ్రల్ ఆర్గాన్ల మీద ఒక వరస రికార్డులు తీశారు, "గ్రేట్ కెథీడ్రల్ ఆర్గాన్స్" అని. ప్రొడ్యూసర్ బ్రయన్ కల్వర్‌హౌస్. అందులో యార్క్ మిన్‌స్టర్ రికార్డుతో మొదలుపెట్టండి. వాయించింది ఫ్రాన్సిస్ జాక్సన్. 1946 నుంచి 1982 దాకా అక్కడ ఆర్గానిస్టు, 2022లో 104 ఏళ్ళ వయసులో చనిపోయారు. కాకర్ అనే ఆయన రాసిన "ట్యూబా ట్యూన్" అందులో ఉంది. యార్క్ ఆర్గాన్‌లో ట్యూబా (బాగా గట్టిగా మోగే) పైపులు రాతి తెర మీద నుంచి పడమర వైపుకి అడ్డంగా పడుకోబెట్టి ఉంటాయి. ఆ శబ్దం హాలులో నిలబడినవాళ్ళ మీదికి నేరుగా వస్తుంది. నేను అక్కడికి తరచూ వెళ్తుంటాను. అంత దగ్గర నుంచి విన్న మోత రికార్డులో పూర్తిగా రాదు, కానీ కల్వర్‌హౌస్ ముప్పాతిక భాగం పట్టుకున్నాడు.

లివర్‌పూల్ కూడా వినండి, 10,268 పైపులు, హెన్రీ విల్లిస్ మూడో తరం ఆయన కట్టింది. అయితే ఇంగ్లిష్ ఆర్గాన్ అందం పెద్ద మోతలో కన్నా "స్వెల్" పెట్టెలో ఎక్కువ. కొన్ని పైపులను చెక్క తలుపుల పెట్టెలో పెడతారు, కాలితో ఆ తలుపులు తెరుస్తూ మూస్తూ శబ్దాన్ని పెంచుతారు, తగ్గిస్తారు. లోపల గట్టి రీడ్ పైపులన్నీ మోగుతుండగా తలుపులు మూసి ఉంచితే, దూరం నుంచి మంట రగులుతున్నట్టు వస్తుంది. హావెల్స్ రాసిన ఆర్గాన్ సంగీతమంతా దాని మీదే నడుస్తుంది. సాల్స్‌బరీలో 1877 నాటి ఫాదర్ విల్లిస్ (ఆ మూడో తరం విల్లిస్ తాత) ఆర్గాన్ మీద వాయించిన హావెల్స్ ఏది దొరికినా తీసుకోండి.

న్యూయార్క్_చలి

స్ట్రీమింగ్‌లో వెతికేవాళ్ళకు ఒక విషయం. హైపీరియన్ రికార్డులు చాలాకాలం స్ట్రీమింగ్‌లో ఉండేవి కావు. 2023లో ఆ కంపెనీ యూనివర్సల్ చేతికి వెళ్ళాక ఒక్కొక్కటిగా వచ్చాయి. సెయింట్ పాల్స్ కీర్తనలు ఇప్పుడు ఇండియాలో కూడా దొరకాలి. రికార్డులు కాకుండా ఆ వారం జరిగిన ప్రార్థనే వినాలంటే బీబీసీ రేడియో 3లో "కోరల్ ఈవెన్‌సాంగ్" ఉంది, 1926 అక్టోబర్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ నుంచి మొదలైన కార్యక్రమం. వారానికో చోటు నుంచి వస్తుంది కాబట్టి భవనాల తేడా తెలుసుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు.

గోదారిగాలి

యాప్‌లో "కింగ్స్ కాలేజీ క్వయర్" అని కొడితే ఒకే పాట అయిదారు ఆల్బమ్‌లలో వస్తోంది. కొన్ని ఒకే రికార్డింగేనేమో అనిపిస్తోంది. తేడా ఎలా కనిపెట్టాలి?

పైపుఆర్గాన్

పాత రికార్డింగులనే కొత్త అట్టలతో మళ్ళీ మళ్ళీ వేస్తారు, క్రిస్మస్ ఆల్బమ్‌ల విషయంలో మరీను. అట్ట మీద బొమ్మను, విడుదలైన ఏడాదిని నమ్మకండి. కండక్టర్ పేరు చూడండి. విల్‌కాక్స్ అని ఉంటే 1957-1974 మధ్యది, ఫిలిప్ లెడ్జర్ అని ఉంటే 1974-1982, క్లియోబరీ అయితే 1982-2019, డేనియల్ హైడ్ అయితే ఆ తర్వాతది. ఆ పక్కనే ఆర్గానిస్టు పేరు ఉంటుంది, అది కూడా కలిస్తే అదే రికార్డింగ్ అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు పాట నిడివి సెకన్లతో సహా పోల్చండి. రెండు మూడు సెకన్ల తేడాలో ఉంటే ఒకదాన్నే ఉంచుకుని మిగతావి వదిలేయండి.